డబ్బు కట్టేశాం కదా అని...

కరీబియన్ క్రూజ్‌లో స్కూబా డైవింగ్‌కు పేరిచ్చిన మనిషి మీద నీటి ఒత్తిడి పడేది తర్వాత. మిగతా ఒత్తిళ్లన్నీ ఒడ్డునే మొదలవుతాయి. మనిషికి వంద డాలర్లు దాటిన టికెట్టు ఎప్పుడో కొనేశారు. ఓడ సాయంత్రానికి తాళ్లు విప్పుకుని వెళ్లిపోతుంది, రేపు చూద్దామంటే కుదరదు. పక్కన భార్యో, కొడుకో, ఆఫీసు స్నేహితుడి కుటుంబమో ఉంటుంది. ఫొటోలేవని ఇంటి దగ్గర్నుంచి వాట్సాప్‌లో అప్పుడే అడుగుతుంటారు. ఇన్నిటి మధ్య నడుముకు సీసపు బరువులు, వీపుకు ట్యాంకు కట్టించుకుని పడవ అంచున కూర్చున్నాక, ‘ఇవాళ నాకు బాగాలేదు, నేను దిగను’ అనాలనిపిస్తే ఆ మాట పెదవి దాటడం ఎంత కష్టమో ఊహించండి.

ఆ మాటను ముందే సిద్ధం చేసుకోవడం ఎలాగో ఈ అధ్యాయంలో చూద్దాం. దానికోసం స్కూబా గురించి కూడా కొంత తెలుసుకోవాలి. ఎందుకంటే మనకు తెలియని విషయాల్లోనే మొహమాటం మనల్ని ఎక్కువగా నడిపిస్తుంది. మొహమాటం గురించి మన సామెత ఏమంటుందో ఇక్కడ అచ్చువేయడం బాగుండదు గానీ, మీకు గుర్తొచ్చే ఉంటుంది.

నీటి అడుగున గుహల్లోకి వెళ్లే డైవర్లు గట్టిగా పాటించే నియమం ఒకటుంది. ఎవరైనా, ఎప్పుడైనా, ఏ కారణంతోనైనా డైవ్ ఆపేయవచ్చు. ఎందుకు ఆపావని మిగతావాళ్లు నిలదీయకూడదు. అందరికంటే అనుభవం ఉన్నవాళ్లు, లక్షల రూపాయల సామగ్రి మోసుకుని ఎంతో దూరం నుంచి వచ్చినవాళ్లు పెట్టుకున్న కట్టుబాటు ఇది. మొదటిసారి మాస్క్ పెట్టుకుంటున్నవాళ్లకు ఇది ఇంకెంత అవసరమో వేరే చెప్పాలా?

డాలస్, హ్యూస్టన్ తెలుగు కుటుంబాలకు గాల్వెస్టన్ రేవు కారులో వెళ్లగలిగే దూరం. ఫ్లోరిడాలో ఉన్నవాళ్లకు మయామీ, పోర్ట్ కెనావరల్ ఉన్నాయి. థ్యాంక్స్‌గివింగ్‌కో, పిల్లల స్ప్రింగ్ బ్రేక్‌కో టికెట్లు తీసి, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే వాళ్లనీ వెంటబెట్టుకుని ఓడ ఎక్కేస్తారు. పశ్చిమ కరీబియన్ దారిలో తరచుగా తగిలే రేవు మెక్సికోలోని కోజుమెల్ దీవి. ప్రపంచంలో డైవింగ్‌కు పేరుపడ్డ చోట్లలో అదొకటి. అక్కడ రేవులో నిలబడి, “ఇంత దూరం వచ్చి దిగకుండా పోతామా నాన్నా, ఏం కాదు, నేనున్నాగా” అంటాడు కొడుకు. చిన్నప్పుడెప్పుడో కాలవలో ఈత కొట్టిన అరవై ఏళ్ల పెద్దాయన కోడలి ముందు, మనవడి ముందు కాదనలేక తలూపుతాడు. ఆ తలూపుకు అర్థం ‘సరే’ అనుకుంటే పొరపాటు.

అసలు చిక్కు అక్కడ కూడా కాదు, ఆ తర్వాత చేతికిచ్చే కాగితం దగ్గర వస్తుంది. డైవింగ్ సంస్థలు చాలా దేశాల్లో వాడే ఆరోగ్య ప్రశ్నావళిలో పది ప్రధాన ప్రశ్నలుంటాయి. ఆస్తమా, గుండె జబ్బు, మూర్ఛ, చెవి ఆపరేషన్, షుగర్, ఈమధ్య జరిగిన శస్త్రచికిత్స, గర్భం, వాడుతున్న మందులు ఇవన్నీ అడుగుతారు. నలభై అయిదేళ్లు దాటాయా అన్నది కూడా ఒక ప్రశ్న. దాటి ఉండి సిగరెట్టో, బీపీయో, కొలెస్టరాలో ఉంటే డాక్టరు సంతకం కావాలి. మన ఇళ్లల్లో యాభై దాటినవాళ్లలో ఈ వల నుంచి తప్పించుకునేవాళ్లు ఎంతమంది? సంతకం అవసరమైన ‘అవును’ ఒక్కటి ఉండి, ఆ సంతకం లేకపోతే నిబంధన పాటించే డైవ్ షాపు మిమ్మల్ని దించదు. ఆ సంతకం ఓడలోని డాక్టరు పెడతారని ఆశ పెట్టుకోకండి. అందుకని రేవులో అప్పటికప్పుడు జరిగేదేమిటంటే, పెన్ను చేతిలోకి తీసుకోగానే బీపీ మాయమవుతుంది, షుగర్ మాయమవుతుంది, ఇన్‌హేలర్ హ్యాండ్‌బ్యాగ్ అడుగుకు జారిపోతుంది. పది ప్రశ్నలకూ ‘కాదు’ అని గీతలు పడతాయి.

ఇది అబద్ధమాడే గుణం వల్ల జరిగేది కాదని నా నమ్మకం. వెనకాల వరసలో మనుషులు నిలబడి ఉన్నారు, పడవ ఇంజిన్ మోగుతోంది, డబ్బు తిరిగి రాదు. అలాంటి చోట నిజాయితీ కోసం మనోబలాన్ని నమ్ముకోవడం తెలివైన పని కాదు. ఆ ఫారాన్ని బుక్ చేసిన వారంలోనే తెప్పించుకోండి. డైవ్ షాపుకు ఈమెయిల్ రాస్తే పంపిస్తారు. ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చుని, మందుల డబ్బా ముందు పెట్టుకుని నింపండి. ‘అవును’ వస్తే ఫ్యామిలీ డాక్టరుకు చూపించండి. ఆయన వద్దంటే చాలా క్రూజ్ కంపెనీల్లో బయల్దేరే ముందు ఒకటి రెండు రోజుల వరకు ఎక్స్‌కర్షన్ రద్దు చేసుకునే వీలుంటుంది. అదే మనిషి, అదే కాగితం. కానీ ఇంట్లో కూర్చుని రాసే జవాబు వేరు, రేవులో నిలబడి రాసే జవాబు వేరు.

డబ్బు సంగతి కూడా ఇంట్లోనే తేల్చుకోండి. రద్దు గడువు దాటిన క్షణాన ఆ డాలర్లు పోయినట్టే లెక్క. నీళ్లలో దిగినా తిరిగి రావు, దిగకపోయినా తిరిగి రావు. కాబట్టి ఆ రోజు పొద్దున తీసుకునే నిర్ణయంలో వాటికి ఓటు లేదు. నా సలహా ఏమిటంటే, దాన్ని ‘డైవింగ్ ఖర్చు’ అని కాకుండా ‘అక్కడిదాకా వెళ్లి దిగాలో వద్దో చూసుకునే ఖర్చు’ అని కుటుంబ లెక్కల్లో రాసుకోండి. రాత మారితే ఆలోచన కూడా కొంత మారుతుంది.

ఇక నీళ్లలో ఏం జరుగుతుందో చూద్దాం.

తిరుమల ఘాట్ రోడ్డు మీద బస్సు ఎక్కుతుంటే చెవులు దిబ్బడ వేయడం మనందరికీ తెలుసు. గుటకేస్తే టప్పున వదులుతాయి. అలిపిరి నుంచి కొండపైకి చేరేసరికి గాలి ఒత్తిడిలో వచ్చే తేడా మొత్తం సముద్రంలో ఒక్క మీటరు లోతు లోపలే వచ్చేస్తుంది. బస్సుకు అరగంటకు పైగా పట్టే మార్పు నీళ్లలో కొన్ని సెకన్లలో జరిగిపోతుందన్నమాట. కాకపోతే ఇక్కడ ఒత్తిడి తగ్గదు, పెరుగుతుంది, కర్ణభేరి లోపలికి నొక్కుకుంటుంది. అందుకే ముక్కు మూసి మెల్లగా గాలి ఊది చెవులు సర్దుకోవాలి. నొప్పి మొదలయ్యాక కాదు, తల నీటిలో మునిగిన వెంటనే మొదలుపెట్టి ప్రతి అర మీటరుకూ చేస్తూ దిగాలి. నొప్పి వస్తే ఒక మీటరు పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించాలి. అయినా వదలకపోతే ఆ రోజుకు డైవ్ అయిపోయినట్టే. బలంగా ఊదితే లోపలి చెవి దెబ్బతింటుంది. జలుబు ఉన్నప్పుడు ముక్కు తెరుచుకోవడానికి మాత్ర వేసుకుని దిగేవాళ్లుంటారు. ఆ మందు ప్రభావం నీటి అడుగున తగ్గిపోతే పైకి వచ్చేటప్పుడు గాలి బయటికి పోయే దారి మూసుకుంటుంది. అది దిగేటప్పటి నొప్పి కంటే చెడ్డది, ఎందుకంటే దిగడం మానేయొచ్చు గానీ పైకి రావడం మానేయలేం.

సముద్రంలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం కలుస్తుంది. పైన ఒకటి, 10 మీటర్ల దగ్గర రెండు, 20 దగ్గర మూడు. దీన్నిబట్టి గాలి పరిమాణంలో అన్నిటికంటే పెద్ద మార్పు మొదటి 10 మీటర్లలోనే. 10 మీటర్ల దగ్గర నిండుగా పీల్చిన గాలిని బిగబట్టి పైకి వస్తే అది రెట్టింపు కావాలని చూస్తుంది. ఊపిరితిత్తులకు అంత చోటు లేదు. అందుకే స్కూబాలో మొట్టమొదటి సూత్రం ఊపిరి బిగబట్టకూడదని. ‘లోతు తక్కువే కదా’ అన్న ధీమా పనికిరాదు. నిండు ఊపిరి బిగబట్టి మీటరున్నర పైకి వచ్చినా గాయం కావచ్చు. పైకి రావడం కూడా నెమ్మదిగా ఉండాలి, నిమిషానికి 9 మీటర్లు మించకపోతే మంచిది. 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగడం అలవాటుగా పాటిస్తారు.

భయపడినప్పుడు మన శరీరం చేసే రెండు పనులు ఊపిరి బిగబట్టడం, పైకి పరుగెత్తడం. స్కూబాలో ఆ రెండే ప్రమాదం. శిక్షణ అంతా ఆ రెండు అలవాట్లను మాన్పించడానికే. క్రూజ్ వాళ్లు ఇచ్చే పరిచయ డైవ్‌లో ఆ శిక్షణకు దొరికేది గంటలోపు. పాడి అనే అంతర్జాతీయ శిక్షణ సంస్థ పద్ధతిలో దీన్ని డిస్కవర్ స్కూబా డైవింగ్ అంటారు. కనీస వయసు 10 ఏళ్లు, లోతు 12 మీటర్లకు మించకూడదు, సముద్రంలో ఒక ఇన్‌స్ట్రక్టర్ వెంట నలుగురికి మించకూడదు. బుక్ చేసే ముందే ఆ నలుగురి సంగతి అడగండి. జవాబు తిన్నగా రాకపోతే వేరే షాపు చూసుకోండి.

గంటలోపు శిక్షణ సరిపోదు కాబట్టి కొంత మీరే ముందుగా చేసుకోవాలి. అపార్ట్‌మెంట్ పూల్‌లో మాస్క్ లేకుండా స్నార్కెల్ మాత్రం నోట్లో పెట్టుకుని, ముఖం నీటిలో ముంచి ఐదు నిమిషాలు ఊపిరి తీయండి. ముక్కుకు నీళ్లు తగులుతుంటే నోటితో ప్రశాంతంగా ఊపిరి తీయగలగడం, ఇదొక్కటి వస్తే సగం భయం పోతుంది. మాస్క్‌లోకి నీళ్లు రాగానే గాబరాపడే వాళ్లందరి సమస్యా ఇదే. కాళ్లు ఆనని లోతులో పది నిమిషాలు తేలడం కూడా నేర్చుకోండి. పరిచయ డైవ్‌కు చాలా చోట్ల ఈత వచ్చా అని పరీక్ష పెట్టరు. పెట్టకపోవడం వాళ్ల వ్యాపారం, నేర్చుకోవడం మన జాగ్రత్త.

మీసాలున్న మగవాళ్లకు ఒక మాట. మాస్క్ అంచు పై పెదవి మీద అతుక్కోకపోతే నీళ్లు కారుతూనే ఉంటాయి. ముక్కు కింద సన్నగా ఒక గీతంత గొరిగించుకుంటే సరిపోతుంది, మీసం పరువేమీ పోదు. ఆడవాళ్లు ముక్కుపుడక తీసేస్తే ముక్కు మూసి ఊదడం తేలికవుతుంది. గొలుసులు, గాజులు ఓడ గదిలోని లాకర్‌లో ఉంచండి. స్విమ్మింగ్ డ్రెస్ మాకు ఇబ్బందని వెనకాడేవాళ్లు లెగ్గింగ్స్ మీద వెట్‌సూట్ వేసుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు.

ఇప్పుడు మొదటి మాట దగ్గరికి వద్దాం. ‘దిగను’ అనడాన్ని ఆ క్షణపు ధైర్యానికి వదిలేయకూడదు. ముందు రోజు రాత్రి, ఓడలో భోజనాలయ్యాక, మీ గీతలు మీరు గీసుకోండి. పొద్దున ముక్కు దిబ్బడగా ఉంటే వెళ్లను. లోతు తక్కువ నీళ్లలో చేయించే సాధనలో మాస్క్‌లోని నీళ్లు బయటికి ఊదలేకపోతే ముందుకు వెళ్లను. మూడు మీటర్ల దగ్గర చెవులు తెరుచుకోకపోతే పైకి వచ్చేస్తాను. ఇవి భార్యాభర్తలు ఒకరికొకరు పైకి చెప్పుకోవాలి. “నేను మధ్యలో ఆగిపోతే నువ్వు డైవ్ కొనసాగించు, నా కోసం ఆపొద్దు” అని కూడా చెప్పుకోవాలి. ఈ రెండో మాట లేకపోతే మొదటిది పనిచేయదు. తనవల్ల అందరి సరదా పాడైపోతుందనే భయంతోనే చాలామంది నోరు మూసుకుంటారు. పెద్దవాళ్ల విషయంలో ఆ భారం పిల్లలు తీసుకోవాలి. “నాన్నా, మీకు వద్దనిపిస్తే వద్దు, నేను మళ్లీ అడగను” అని ఒక్కసారి చెప్పి, నిజంగానే మళ్లీ అడగకుండా ఉండాలి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. గుండె దడదడలాడిన ప్రతిసారీ వెనక్కి తగ్గితే జీవితంలో చెరువు గట్టు కూడా దిగలేం. మొదటి డైవ్‌కు ముందు దడ అందరికీ ఉంటుంది. దాన్ని పరీక్షించే చోటు నడుము లోతు నీళ్లు. అక్కడ మోకాళ్ల మీద కూర్చుని, ట్యాంకు గాలిని నోటికందించే రెగ్యులేటర్‌తో ఊపిరి తీయండి, పీల్చిన దానికంటే వదిలేది పొడుగ్గా ఉండనివ్వండి. పది నిమిషాల్లో ఊపిరి కుదుటపడితే అది కొత్త వల్ల వచ్చిన బెరుకు, ముందుకు వెళ్లొచ్చు. నిమిషాలు గడిచేకొద్దీ ఊపిరి ఇంకా వేగం అవుతుంటే ఆ రోజు మీది కాదు. ఈ తేడా మీకు తప్ప ఇన్‌స్ట్రక్టర్‌కు బయటి నుంచి పూర్తిగా తెలియదు.

సైగలు నేర్చుకోకుండా దిగొద్దు. బాగున్నాననడానికి బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. బొటనవేలు పైకెత్తితే నీళ్లలో దానికి అర్థం ‘పైకి వెళ్దాం’. ఫొటోల కోసం బొటనవేలు ఎత్తి చూపించే అలవాటున్న మనవాళ్లను గైడ్లు మర్యాదగా పైకి తీసుకొచ్చేస్తారు. చెవి నొప్పి అయితే అరచేయి అటూఇటూ ఊపి, చెవి చూపించాలి.

ఆ గీతల దగ్గర ఆగే పని పడకుండా లోపలికి వెళ్లినవాళ్లకు కోజుమెల్ చూపించేది తక్కువేమీ కాదు. అక్కడి పగడపు దిబ్బలు 1996 నుంచి జాతీయ పార్కు. చేతికి గ్లోవ్స్ వేసుకోనివ్వరు, పగడాన్ని పట్టుకోకూడదని. సన్‌స్క్రీన్ పూసుకుని దిగొద్దంటారు, పొడుగు చేతుల చొక్కా వెంట ఉంచుకోండి. ఇక్కడ ప్రవాహం ఎక్కువ. కొత్తవాళ్లు ఆ మాట వినగానే జంకుతారు గానీ, ఇక్కడి పద్ధతి ప్రవాహంతో పాటు కొట్టుకుపోవడమే. దిగిన చోటికి తిరిగి రానక్కర్లేదు, పైన పడవ మీ బుడగల వెంట వస్తుంది. చేతులు కట్టుకుని ఉంటే దిబ్బే మీ ముందు నుంచి జరుగుతున్నట్టుంటుంది. ఐదారు మీటర్లు దాటేసరికి ఎరుపు రంగు వెలిసిపోతుంది, లైటు వేసి చూడకపోతే ఎర్ర స్పంజి గోధుమ రంగులో కనిపిస్తుంది. నీళ్లలో ప్రతిదీ అసలు కంటే దగ్గరగా, పెద్దగా కనిపిస్తుంది కాబట్టి చూసిన చేప సైజు ఇంటికొచ్చి చెప్పేటప్పుడు పావు వంతు తగ్గించండి. రాళ్ల చూరు కింద గడ్డం ఉన్న ముఖంతో, పసుపు అంచుల రెక్కలతో టోడ్‌ఫిష్ అనే చేప నక్కి ఉంటుంది. ఆ జాతి ప్రధానంగా ఈ దీవి చుట్టుపక్కలదే. ఒళ్లంతా చారలు, ఈకల్లాంటి విషపు ముళ్లున్న లయన్‌ఫిష్ కూడా కనిపించవచ్చు. అది మన వైపు చేప, హిందూ, పసిఫిక్ మహాసముద్రాలది. 1985లో ఫ్లోరిడా దగ్గర కనిపించి, అక్కడి నుంచి కరీబియన్ అంతా పాకి స్థానిక చేప పిల్లల్ని తినేస్తోంది. దాన్ని వేటాడి హోటళ్లలో వండి పెడుతున్నారు.

దిగనివాళ్లు రేవులో కూర్చుని బ్యాగులు కాయాల్సిన పనిలేదు. ఆ కూర్చోబెట్టే పద్ధతి వల్లే కదా చాలామంది ఇష్టం లేకపోయినా దిగేది. స్నార్కెల్ ఉంది, అడుగున అద్దం ఉన్న పడవలున్నాయి. మీ ఓడ గ్రాండ్ కేమన్‌లో ఆగితే స్టింగ్‌రే సిటీ ఇసుక దిబ్బ మీద నడుము లోతు నీళ్లలో నిలబడితేనే స్టింగ్‌రే చేపలు కాళ్ల చుట్టూ తిరుగుతాయి. ఒకప్పుడు జాలర్లు అక్కడ చేపలు శుభ్రం చేసుకునేవారని, ఆ వ్యర్థాలకు ఇవి మరిగాయని చెబుతారు. ఇలాంటి రెండో కార్యక్రమాన్ని కూడా ముందే ఎంచి పెట్టుకోండి. అప్పుడు ‘దిగను’ అన్నవాళ్లు అక్కడికి వెళ్తారు, అంతే.

టైము గురించి. క్రూజ్ కంపెనీ ద్వారా బుక్ చేస్తే ఆలస్యమైనా సాధారణంగా ఓడ ఆగుతుంది, బయటి షాపుతో వెళ్తే ఆగదు. ఓడలో ఏ గడియారం నడుస్తుందో చూసుకోండి. కోజుమెల్ ఉన్న రాష్ట్రంలో 2015 నుంచి ఏడాది పొడుగునా ఒకే టైము. వేసవిలో మయామీ నుంచి వచ్చిన ఓడ మయామీ టైమే పాటిస్తే, రేవులో మీ ఫోను గంట వెనక ఉంటుంది. మూడున్నరే కదా అని మీరు మామిడి ముక్కలు తింటుంటే ఓడలో నాలుగున్నర.

విమానం సంగతి కూడా చూసుకోవాలి. డైవర్ల భద్రత కోసం పనిచేసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సూచన ప్రకారం ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, ఎక్కువ డైవ్‌లు చేస్తే 18 గంటలు ఆగి విమానం ఎక్కాలి. చివరి రేవులో డైవ్ పెట్టుకున్నవాళ్లు లెక్క వేసుకోండి. మామూలు ఆరోగ్య బీమా డైవింగ్ ప్రమాదాలకు వర్తిస్తుందో లేదో కూడా ముందే అడగండి.

ఈ రుచి నచ్చితే తర్వాతి మెట్టు ఓపెన్ వాటర్ కోర్సు. 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు తేలాలి, సముద్రంలో నాలుగు డైవ్‌లు చేయాలి, అప్పుడు 18 మీటర్ల దాకా అనుమతి. పాఠాలు, పూల్ సాధన ఉన్న ఊళ్లో ముగించి, సముద్రపు డైవ్‌లు మరోచోట చేసే వీలుంది. అమెరికాలో ఉన్నవాళ్లు వాటిని కరీబియన్‌లో చేయొచ్చు, హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు అండమాన్ స్వరాజ్ ద్వీప్, మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి ఉన్నాయి. కోర్సు ముగించినవాళ్లకు ఇచ్చే కార్డుకు గడువు ఉండదు, కానీ చాలాకాలం దిగకపోతే రిఫ్రెషర్ చేయమంటారు. కార్డు ఉన్నవాళ్ల పడవ వేరే, సాధారణంగా పొద్దున్నే రెండు ట్యాంకుల డైవ్‌కు వెళ్లి మధ్యాహ్నానికి వస్తుంది. కాబట్టి ఇద్దరికీ కార్డులు ఉంటే, పిల్లల్ని ఆ పూట ఎవరు చూసుకుంటారో ముందు రాత్రే తేల్చుకోండి. అత్తయ్యగారు చూసుకుంటారులే అనుకోకండి, ఆవిడా స్టింగ్‌రే సిటీకి టికెట్ కొనుక్కుని ఉండవచ్చు.